రాకాసి గుడి మీద నిమ్మకాయలు

సుధీర్ జేసీబీ ఆపేశాడు.

గుండ్ల మీద ఆ రోజు కూడా నిమ్మకాయలున్నాయి. పసుపు, కుంకుమ కూడా.

కమలాపురం అవతల చేలో గుండ్రంగా పాతిన గుండ్లు, నడుమ మట్టిదిబ్బ. ఎప్పటివో ఎవరికీ తెలియదు. రాకాసి గుడి అంటారు. దాన్ని చదును చేసి చీనీచెట్లు పెట్టాలని చేను ఆసామి తిమ్మయ్య పంతం. బండికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టనిదే తాళం తిప్పని సుధీర్‌కు మూడు రోజులుగా చెయ్యి ఆడటం లేదు.

"నా వల్ల కాదన్నా. ఎవురో చేతబడి చేస్తాండారు."

"ఎవురో ఏందప్పా, అదో ఆ ముసల్దే."

గుండు చాటున సంచితో ఒక ముసలామె. ఆ ఊరి మనిషి కాదు. తిమ్మయ్య రెక్క పట్టి లాగాడు.

"యాడిదానివే నువ్వు? మొగాన బొట్టు కూడా లేదు."

"ఇయి సమాధులు నాయనా. కింద మనుషులుండారు. సోమవారం దాకా ఆగండి."

"సోమవారం అమాస. చూసినావా సుధీరూ, దీని ఎత్తు?"

ఆ మాటతో సుధీర్‌కున్న కాస్త జాలీ ఇంకిపోయింది. ఆమెను గట్టు దాకా తనే తోసుకుపోయాడు. పడింది. సంచి అక్కడే జారిపోయింది. లేచి, ఒక్క శాపనార్థమైనా పెట్టలేదు.

"పిల్లోల్లు కూడా ఉంటారు నాయనా, కింద" అని మాత్రం అని, కుంటుకుంటూ వెళ్లిపోయింది.

మంత్రగత్తె పోయాక ఇంకేం భయం? నిమ్మకాయల్ని చక్రాల కింద తొక్కించి బకెట్ దించాడు. రెండో పోటుకే ఏదో పగిలింది.

చిన్న చిన్న కాళ్లున్న మట్టి తొట్టి. లోపల సన్నటి ఎముకలు, ఎర్రపూసలు. మూరెడు బిడ్డ.

"మూసెయ్యప్పా, ఎవురన్నా చూస్తారు" అన్నాడు తిమ్మయ్య.

సుధీర్ వినలేదు. బండి దిగి గట్టు దాకా నడిచాడు. బొమ్మలో, వెంట్రుకలో ఉంటాయని జంకుతూనే ఆమె సంచి విప్పాడు.

నాలుగు నిమ్మకాయలు, పసుపు పొట్లం. అడుగున అట్ట ఊడిన బైబిలు. అందులో పురావస్తు శాఖ నుంచి వచ్చిన ఒక ఉత్తరం: "మీ అర్జీ అందింది. సోమవారం మా అధికారులు వచ్చి ఆ పాత సమాధులను చూస్తారు. అంతదాకా వాటిని ఎవరూ కదపకుండా చూడగలరు."

బైబిలు మొదటి పేజీలో ఇలా రాసి ఉంది: "దయ్యాలు, చేతబడులు లేవని ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి చెప్పిన మా విశ్వాసమ్మకు, సంఘం ప్రేమతో."