మూడు పళ్ళేల వడ్లు

"ఎవురమ్మే నువ్వు? మా మోటారు పాకలో నీకేం పని?"

హజరత్తయ్య కేకకు లోపల కూర్చున్న ఆడమనిషి ఉలిక్కిపడి లేచింది.

ఆమె ముందు మూడు పళ్ళేలు. ఒక్కోదాంట్లో తడిగుడ్డ మీద గుప్పెడు వడ్లు.

"నా పేరు వినీల అన్నా. నెల్లూరు నుంచి వచ్చినా. మస్తానమ్మక్కే ఇక్కడ ఉండమనింది."

హజరత్తయ్య వెనకే వచ్చిన పెళ్ళాం వైపు ఉరిమి చూశాడు.

"ఆడకూతురు గదా అని ఉండమన్నా. విత్తనాలు గూడా నేనే ఇచ్చినా" అని గొణిగింది మస్తానమ్మ.

విత్తనాలు కూడా! ఇంకేం, ఇల్లు కూడా రాసిచ్చేయాల్సింది. నారుకు నానేసే వడ్ల మీద పరాయి కన్ను పడితే మొలక రాదని ఆ ఊరి పట్టింపు. మస్తానమ్మకు తెలియనిదా అది?

"పళ్ళేల్లో ఏందీ నీళ్ళు?" అని గద్దించాడు హజరత్తయ్య.

"ఇవి బోరు నీళ్ళు. ఇవి మీ కాలవ నీళ్ళు. ఇవి ఆ రొయ్యలగుంటల నీళ్ళు. ఏ నీళ్ళకు మొలకొస్తుందో చూద్దామని..."

రొయ్యలగుంటల పేరు వినేసరికి హజరత్తయ్యకు ఒళ్ళు మండిపోయింది. ఆ గుంటల ఉప్పునీళ్ళు కాలవలోకి వదులుతున్నారని ఊరంతా మొత్తుకుంటున్నా పట్టించుకునే నాథుడు లేడు.

"ఆ గేటు ఎప్పుడూ తాళమేసే ఉంటాది. నీకెవురు తీసినారు?"

ఆమె తటపటాయించింది. "అడిగితే... తీసినారు."

"మేమడిగితే కుక్కల్ని వదుల్తారు! నువ్వు వాళ్ళ మనిషివే. కాలవ నీళ్ళు బంగారమని రాసుకోని పోను వచ్చినావు."

"కాదన్నా. రేపటికి మొలక తెలిసిపోతుంది. మీ వడ్లు, మీ కాలవ నీళ్ళు, మీ కళ్ళ ముందే. ఇవి మా ఇంట్లోవాళ్ళకు చూపించాల. ఒక్క రోజు ఆగు..."

"ఒక్క నిమిషం గూడా ఆగను!"

హజరత్తయ్య కాలెత్తి తన్నాడు. పళ్ళేలు పాక బయటికి ఎగిరి గట్టు కింద పడి, వడ్లన్నీ బురదలో కలిసిపోయాయి.

వినీల వంగి ఏరబోయింది.

"పోతావా, జనాన్ని పిలవమంటావా?"

ఆమె కళ్ళు తుడుచుకుంటూ స్కూటీ ఎక్కింది. పీడ విరగడైందని హజరత్తయ్య మీసం మెలేశాడు.

ఆ వారంలోనే విత్తనాల మూట కాలవలో నానేశాడు. విప్పి చూస్తే మొలక లేదు, కుళ్ళు కంపు.

"ఆ పాపిష్టిది కన్ను పెట్టింది!" అని శాపనార్థాలు పెట్టాడు.

కానీ ఊళ్ళో ఎవరి మూట విప్పినా అదే కంపు. విత్తనం పోతే ఈ ఏడు పైరు లేనట్టే. అందరూ కర్రలు పట్టుకుని రొయ్యలగుంటల మీదికి పోయారు.

గేటు అవతల పొక్లెయిన్ ఇంకా కొత్త గుంటలు తవ్వుతోంది.

కాపలావాడు లాజరస్ చేతులు జోడించాడు. "నన్ను కొడితే ఏమొస్తాదన్నా? గుంటలన్నీ లీజుకు పోయినాయి. ఇంక ఎవురూ ఆపలేరు."

"లీజుకిచ్చిన ఆ దొంగ ఓనరెవుడో చూపించు!" అని హజరత్తయ్య కర్రెత్తాడు.

"దొంగ గాదన్నా, దేవత. నాయన పోయినాక ఇయ్యన్నీ ఆయమ్మ పేరన వచ్చినాయి. రైతుల వడ్లు మొలవకుంటే గుంటలు పూడ్పిస్తానని ఇంట్లోవాళ్ళతో పోట్లాడింది. రుజువేదీ అన్నారు వాళ్ళు. ఉత్త చేతుల్తో తిరిగొచ్చి, ఏడ్చుకుంటా లీజుకు సంతకం పెట్టేసింది."

"ఎవురామె?"

"అదేందన్నా! మీ మోటారు పాకలో కూర్చోనుండిన వినీలమ్మే."