తోటి రచయిత అభిప్రాయం

...నలభై మంది ఏజెంట్లు తన నవలను కాదన్నారంటే లోపం ఆ నలభై మందిలోనే ఉందని అతనికి ఎప్పుడో తేలిపోయింది. రాయడం చేతకానివాళ్లే ఏజెంట్లవుతారు. పరాయివాడి నవల చంకన పెట్టుకుని ప్రచురణకర్తల గుమ్మాలెక్కి బేరాలాడే మనుషులకు వాక్యం విలువ ఏం తెలుస్తుంది? ఈ నలభై ఒకటో ఆవిడ మరీ విడ్డూరం. వచ్చినవాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరి నవలలో మొదటి పది పేజీలు రెండోవారి చేతికిస్తుంది. చదివి, ఒక కాగితం నింపాలి. పైన అచ్చువేసి ఉంటుంది: 'తోటి రచయిత అభిప్రాయం'.

తోటి! ఎవరికి ఎవరు తోటి?

పక్క కుర్చీలో ఆవిడకు అరవై దాటి ఉంటాయి. దర్జీ అట. కళ్లజోడు ఒక కాడకు దారం చుట్టి ఉంది. అతని పేజీలను వేలు తడుపుకుని మరీ తిప్పుతోంది. ఆరేళ్లు చెక్కిన వాక్యాలకు దక్కిన మర్యాద, ఉమ్మి!

ఆవిడ పేజీలను అతను వెక్కిరించడానికే చదవడం మొదలుపెట్టాడు. అందులో మొగుడు పోయిన ఒకామె, ఆయన చొక్కాలు తన కొలతకు తగ్గించమని దర్జీ దగ్గరికి తెస్తుంది. 'ఈ ఎడమ భుజం మాత్రం ముట్టుకోకు. నేను తల పెట్టుకునేది ఇక్కడే' అంటుంది.

అతను ఆగిపోయాడు. మళ్లీ చదివాడు. ఆ మాట తను రాసి ఉండాల్సింది అనిపించింది. దానికి అసూయ అని పేరు పెట్టడానికి మనసొప్పలేదు. ఈ మూలకు ఫ్యాను గాలి రావడం లేదనుకున్నాడు.

కలం తీసి రాశాడు: 'చవకబారు కన్నీళ్లు. సూదికీ కలానికీ తేడా తెలియని రాత. వీరు కుట్టుపని చూసుకుంటే సాహిత్యానికి మేలు చేసినవారవుతారు.' చివరి చుక్క దగ్గర కాగితానికి చిల్లు పడింది.

తీసుకెళ్లి గుమాస్తా బల్ల మీద పడేశాడు. గుమాస్తా చదివి కనుబొమలెగరేశాడు.

"అబ్బో! ఆవిడ పంట పండింది."

"అదేంటి, తిట్టాను కదా?"

"మీరెలాగూ రాసిచ్చేశారు కాబట్టి చెబుతున్నా, ఎక్కడా అనకండి." గుమాస్తా గొంతు తగ్గించాడు. "మేడమ్ నవలలు చదవదు సార్. ముందు ఈ కాగితాలే చదువుతుంది. పొగిడారా, ఆ నవల వెనక్కి. ఒళ్లు మండి తిట్టారా, అది లోపలికి. కాయలున్న చెట్టుకే కదా రాళ్లు పడేవి, అంటుంది. పదిహేనేళ్లుగా చూస్తున్నా, గురి తప్పలేదు."

అతను దాదాపు పరుగున కుర్చీ దగ్గరికొచ్చాడు.

"నా గురించి ఏం రాస్తున్నారండీ?"

"మంచిగానే బాబూ. కంగారుపడకు."

"మంచిగా వద్దు! మొహమాటం లేకుండా కడిగెయ్యండి."

"కడగడానికేముంది? పది పేజీల్లో ఎక్కడా ఏదీ గుచ్చుకోలేదు. నున్నగా జారిపోయింది."

అతను ముందుకు వంగాడు. "మీది చెత్తగా ఉంది. అదే రాసిచ్చాను."

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి నవ్వింది. "పోన్లే నాయనా. మా ఆయనా అదే అనేవాడు."

"మీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు, వచ్చింది. అయితే మాత్రం, నీ మీది కోపం నీ నవల మీద చూపిస్తానా? పాపం, అదేం చేసింది?"

అంటూనే ఇంకో రెండు వరసలు చేర్చింది. మెడ సాచి చూశాడు. 'చక్కని భాష. బుద్ధిమంతుడైన కుర్రవాడు. ప్రోత్సహించగలరు.' అతను ఏదో అనబోయేలోపే ఆవిడ లేచి వెళ్లి కాగితం ఇచ్చేసి వచ్చింది. గుమాస్తా అది చదివి, డాక్టరు గది బయట రోగి బంధువును చూసినట్టు అతని వైపు చూశాడు.

ఉమ్మి తడి ఆరని తన పది పేజీలను అతను సంచిలో పెట్టుకున్నాడు. ఇక చేసేదేమీ లేదు. ఆవిడ నిశ్చింతగా గోడకు తల ఆనించి, పిలుపు కోసం ఎదురు చూస్తోంది.

అతను బల్ల దగ్గరికి నడిచాడు.

"నా కాగితం వెనక్కివ్వండి. తొందరలో తప్పు రాశాను. కొత్తది ఒకటి కావాలి."

"ఏంటి సార్, తిట్టింది సరిపోలేదా?"

అతను చెయ్యి చాపి కాగితం అందుకున్నాడు. పాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. బల్ల అంచున వంగి, గుండ్రటి అక్షరాలతో, తన మనసులో ఉన్నదే, ఒక్క మాట కూడా కల్పించకుండా రాశాడు: 'నేను చదివినవాటిలో ఇంత గొప్ప రచన లేదు.'