కిలీన్ పొలం

జేసీబీకి ఎదురుగా నిలబడ్డ ముసలావిడ పక్కకి జరగలేదు.

మలకీ ఇంజన్ ఆపి కిందికి దూకాడు.

"బతకాలని లేదా మామ్మా?"

"ఈ పొలాన్ని ఏమంటారు నాయనా?"

మాటలో ఇంగ్లండు యాస. ఎప్పుడూ చూసిన మనిషి కాదు.

"కిలీన్. ఐరిష్‌లో చిన్న చర్చి అని అర్థం. ఇప్పుడు చర్చీ లేదు, ఫాదరూ లేడు. గొడ్లపాక కట్టుకుంటున్నాను, జరుగు."

"సగం పేరే మిగిలిందన్నమాట. కిలీనలానవ్ అనేవాళ్లం. పసిబిడ్డల కిలీన్. మ్యాపు గీసిన దొరలు తోక కోసేశారు. బాప్తిస్మం అందకుండా పోయిన బిడ్డల్ని సమాధుల దొడ్లోకి రానిచ్చేవారు కాదు. ఇక్కడికి తెచ్చి పూడ్చేవారు."

మలకీ నవ్వాడు.

"అరవై ఏళ్లుగా ఇక్కడే పడి ఉన్నాను. మా అమ్మానాన్నా ఒక్కనాడూ చెప్పలేదు. నువ్వు ఇంగ్లండు నుంచి దిగి మా పొలం పేరు మాకే నేర్పుతున్నావా? ఎవరు పంపారు, కౌన్సిలోళ్లా?"

"ఎవరూ పంపలేదు. ఆ ముళ్లచెట్టు మూల ఒక్కటీ వదిలెయ్యి బాబూ."

రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లి బయటికి తోశాడు.

వాన మొదలైంది. ఆవిడ గేటు పట్టుకుని, అతన్నే చూస్తూ చాలాసేపు తడిసింది. తర్వాత పక్క పొలం వైపు వెళ్లిపోయింది.

మర్నాడు ముళ్లచెట్టు వేళ్లతో సహా పైకి లేచింది.

మట్టిలో తెల్లటి పుల్లలు.

మలకీ దిగి చూశాడు. పుల్లలు కావు. వేలెడేసి ఎముకలు.

చేతులతో మట్టిని వాటి మీదికి తోశాడు. లేచి, ఆవిడ దిగిన ఇంటికి పరుగెత్తాడు. పక్క పొలం హనోరా ఇల్లే అది.

కిటికీ బార్లా తెరిచి ఉంది. చావింట్లో చేసినట్టు గడియారం ఆపేసి ఉంది. మంచం మీద ఆవిడ, చేతులకి జపమాల చుట్టి.

"తెల్లారుతుండగా పోయింది," అంది హనోరా. "నిన్న తడిసొచ్చి పడుకుంది. మళ్లీ లేవలేదు."

మలకీ టోపీ తీశాడు.

"పెద్దమ్మా... అక్కడ నిజంగానే... ఈవిడకెలా తెలుసు? ఎవరీవిడ?"

"డెలియా. మీ నాన్న చెల్లెలు."

"డెలియా నేను పుట్టకముందే చచ్చిపోయిందన్నారే!"

"అలా చెప్పుకున్నారు. పెళ్లి కాకుండా కడుపొచ్చిందని, కని లేవగానే ఓడెక్కించి పంపేశారు."

హనోరా అతని మట్టి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"కవలలు మలకీ. ఫాదర్ వచ్చేలోగా పోయినవాణ్ణి కిలీన్‌లో పూడ్చారు, బతికినవాడివి నువ్వు."