ఆయన ముంగటనే తాగు

ముసలాయన చెయ్యి చాచి, మల్లిక నోటి దగ్గరున్న నీళ్ల సీసాను లాక్కున్నాడు.

సగం నీళ్లు పిల్ల గౌను మీద, సగం బస్సులో పడ్డాయి. నాలుగేళ్ల పిల్ల గుక్క పట్టింది.

"ఏయ్! సోయి ఉన్నదా నీకు?" నిరోష సీట్లోంచి ఒక్క ఉదుటున లేచింది.

బస్సంతా తిరిగి చూసింది. అందులో ఒక్కరికీ తెలుగు రాదు. ఆమెకు చైనా భాష పది మాటలు దాటి రాదు. అయినా ఆమె తగ్గలేదు.

ఈ తగువు ఇవాళ్టిది కాదు మరి.

నిరోషది నల్గొండ జిల్లా మర్రిగూడ. భర్త గిరి చైనాలోని ఈ చిన్న పట్నంలో, డాక్టరు చదువుకు వచ్చిన తెలుగు పిల్లల మెస్‌లో వంట చేస్తాడు. ఎనిమిది నెలల కింద ఆమె కూడా బిడ్డతో వచ్చి అక్కడే రొట్టెల పనిలో చేరింది. గిరి తెల్లారకముందే వెళ్లిపోతాడు. ఆమె బిడ్డను తీసుకుని ఏడింటికి తొమ్మిదో నంబరు బస్సెక్కుతుంది. ఊరి చివరి గది నుంచి మెస్‌కు ముప్పావు గంట.

దారికి నీళ్లు బస్టాప్ పక్కన బోరింగు దగ్గర పట్టుకుంటుంది. అద్దంలా ఉంటాయి. పిల్ల ఇష్టంగా తాగుతుంది.

ఈ ముసలాయన కూడా అదే స్టాపులో ఎక్కుతాడు. మొదటి రోజు నుంచీ ఆయన చూపు నిరోష నోటి మీదే.

ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలు. మర్రిగూడలో ఆమె ఈడు వాళ్లందరికీ ఉన్నవే. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లు పెట్టినవి. నల్గొండ కాలేజీలో తోటి ఆడపిల్లలు "తుప్పు పండ్లు" అని పిలిస్తే, ఇంటర్ మధ్యలోనే పుస్తకాలు మూటగట్టి ఇంటికొచ్చేసింది.

బిడ్డ పుట్టినప్పుడు మాత్రం ఒకటే పట్టు పట్టింది. దీని నోట్లో ఆ చార పడొద్దు. ఊరికి కృష్ణ నీళ్లు వచ్చినా ఆమె భయం పోలేదు. గిరి చైనా అనగానే మారుమాట లేకుండా బయల్దేరింది. ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ లైటు వేసి బిడ్డ పళ్లు చూడనిదే గడప దాటదు.

అలాంటిది, బస్సు నిండా జనం చూస్తుండగా ముసలాయన ఒకరోజు ఆమె పళ్ల వైపు వేలు చూపించాడు. తర్వాత మల్లిక నోటి వైపు చూపించాడు. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నా పండ్లు జూసి ఎక్కిరిస్తాండు. నా బిడ్డను గూడ తక్కువ జేస్తాండు" అంది గిరితో.

"ముసలోడు గదనే, పోనీయ్ రాదు."

"ఎందుకు పోనియ్యాలె? నేనేమన్న ఉత్తగ ఎక్కుతున్ననా బస్సు? గప్పుడు కాలేజీల ఊకున్న. ఈడ ఊకోను."

మర్నాడు ఆయన చూస్తుండగానే సీసా మూత తీసింది.

"తాగు బిడ్డా. గాయన ముంగటనే తాగు."

మల్లిక గటగటా తాగింది. నిరోష తన పళ్లన్నీ కనిపించేలా ఆయన వైపు చూసి నవ్వింది.

ఆయన సంచిలోంచి ఫ్లాస్కు తీసి ఇవ్వబోయాడు.

"నీ ఎంగిలి నీళ్లు మాకెందుకు?" అని తోసేసింది.

ఇదిగో, ఇవాళ ఏకంగా సీసానే లాక్కున్నాడు.

నిరోష బిడ్డను చంకనేసుకుని నేరుగా డ్రైవరు పక్కకు వెళ్లి నిలబడింది.

"ఆయన దిగాలె. దిగినంకనే బస్సు కదలాలె."

మాట అర్థం కాకపోయినా వేలు ఎటు చూపిస్తోందో డ్రైవరుకు తెలిసింది. ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఏడుస్తున్న పిల్లను చూసి ఆగిపోయాడు. సీసాను సీటు మీద పెట్టి, మెల్లగా దిగిపోయాడు.

ఆ పూట మెస్‌లో పిల్లలంతా చప్పట్లు కొట్టారు. "అక్కతోని పెట్టుకుంటె గంతే!" అన్నారు.

తర్వాత ఆయన ఆ బస్సులో కనిపించలేదు.

రెండు నెలలకు, మెస్‌లో తినే నకిరేకల్ అమ్మాయి గ్లోరీ బస్సులో కలిసింది. గ్లోరీకి చైనా భాష బాగా వచ్చు. నిరోష ముసలాయన సంగతంతా గొప్పగా చెప్పుకొచ్చింది.

అంతలో వెనక సీట్లో కూరగాయల బుట్టతో ఉన్న, రోజూ ఇదే బస్సెక్కే పెద్దావిడ, మల్లిక తాగుతున్న సీసాను చూపిస్తూ గ్లోరీతో ఏదో అంది.

గ్లోరీ ముఖంలో నవ్వు పోయింది.

"అక్కా, గీ నీళ్లు యాడ పట్టినవ్?"

"మా స్టాప్ కాడ బోరింగుల. ఏమాయె?"

"గవి బట్టలు ఉతుకనీకె తప్ప ఎవ్వరు తాగరంట. ఫ్లోరైడ్ ఉన్నదంట."

"ఫ్లోరైడా? అది మా దిక్కుది గద! మర్రిగూడకే మంచినీళ్లొచ్చినయ్, చైనాల ఎందుకుంటది?"

నోరు అలా అంటూనే ఉంది. చెయ్యి అప్పటికే బిడ్డ నోటి దగ్గర సీసాను లాగేసింది.

"నీ పండ్ల లెక్కనే పాప పండ్లు అయితయని సైగ జేసిండంట ముసలాయన."

నిరోష సీసాను సంచిలో కుక్కి, సీట్లోంచి లేచింది.

"ఏడుంటడో అడుగు. ఇప్పుడే దిగి పోదం. కాళ్లు మొక్కుత."

గ్లోరీ అడిగింది. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

"పోయిన నెల ఇల్లు ఖాళీ జేసిండంట అక్కా. ఏ ఊరు పోయిండో ఎవరికి తెల్వదంట."

"ఊరంత ఊకుంటె ఆయనకొక్కనికే ఎందుకంట గంత తండ్లాట? నేను ఆయనకేమైత?"

గ్లోరీ మళ్లీ అడిగింది. ఈసారి పెద్దావిడ చాలాసేపు చెప్పింది.

"కరువుల ఊరికి ఆ బోరింగు ఏయించింది ఆయనేనంట అక్కా... మొదటి గిలాస తన బిడ్డకే తాగిపిచ్చిండంట, ఆ నీళ్లకే బొక్కలు వంగి ఆ పిల్ల ఇయ్యాళ్టికి లేచి నడువదంట."