లోపలివాళ్లు

"చెకర్ ఒప్పుకోవడం లేదు సార్," అన్నాడు యేసుపాదం.

"అది ఒప్పుకునేదేంటయ్యా? దాన్ని రాసింది నువ్వే కదా," అన్నాడు గని మేనేజర్ రామారావు. "గుంతల్లో మందు నింపేశారు. రెండింటికి పేల్చాలి. కొండ మీదివాళ్లు చూస్తే ఇంకా కదల్లేదు."

తోంగ్‌పాల్ దారిలోని ఆ గనిలో పేలుడుకు ముందు ఒక ప్రోగ్రాం నడుస్తుంది. కొండెక్కిన వాళ్ల టోపీల్లోని చిప్పులు చదివి, లోపల ఎందరున్నారో బోర్డు మీద చూపిస్తుంది. సున్నా పడితేనే పేల్చే తాళం తిరుగుతుంది. ఆ ప్రోగ్రాంలో తప్పులు పట్టడానికి యేసుపాదం చెకర్ రాశాడు.

అతను తెర మీద ఎర్ర గీత పడ్డ ఒక వరస చూపించాడు.

"ప్రోగ్రాం మొదట్లో 'లోపలివాళ్లు' అని ఒక జాబితా ఉంది సార్. దాని రకం మనుషులు. గేటు ఎవరు దాటినా అందులోకి వస్తారు. కొత్తగా రాసిన పేలుడు భాగంలో అదే పేరుతో ఇంకో జాబితా పెట్టారు. దీని రకం కార్మికులు. ఆ భాగంలోకి వెళ్లాక మొదటి జాబితా కనపడదు. ఇదే కనపడుతుంది. తాళం అడిగేది మనుషుల్ని. మనం ఇస్తున్నది కార్మికుల్ని."

"కొండ మీద కార్మికులు కాక ఇంకెవరుంటారు? పులులా?"

"సోమక్క ఉంది సార్. టీ పట్టుకెళ్లింది. ఆమెది విజిటర్ చిప్పు. బోర్డు ఆమెను లెక్కపెట్టదు."

"దిద్దడానికి ఎంతసేపు?"

"దిద్దడం ఎంతో కాదు. మళ్లీ అంతా పరీక్షించాలి. సాయంత్రం అవుతుంది."

"అంతసేపు ఎవడు ఆగుతాడు? ఆమెను కిందికి రమ్మను, సరిపోతుంది. ఈ వరస చూడకుండా వదిలెయ్యమని చెకర్‌కి చెప్పే వీలుంది కదా?"

"ఉంది సార్."

"మరి?"

యేసుపాదం ఆ వరస పైన ఆ మాట రాశాడు. తెర మీద ఎర్ర గీత పోయింది.

రామారావు టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. జీపు కదిలిన చప్పుడు వినపడింది. యేసుపాదం అప్పటికే వాకీటాకీలో కొండ మీది వాళ్లను పిలుస్తున్నాడు.

"సోమక్కను పంపించండి. సామాను అక్కడే వదిలేసి రమ్మనండి. వెంటనే."

తర్వాత కంట్రోల్ గది గుమ్మంలో నిలబడ్డాడు. కార్మికుల ట్రక్కు దిగింది. బోర్డు మీద అంకె తగ్గుతూ వచ్చి సున్నా దగ్గర ఆగింది.

"జీరో సాబ్," అన్నాడు హుంగా. తాళం అతని చేతిలో ఉంటుంది. "తిప్పనా?"

"ఆగు."

"బోర్డు ఒప్పుకున్నాక మీరెందుకు ఒప్పుకోరు సాబ్?"

"సోమక్క రావాలి."

మొదటి సైరన్ మోగింది. రెండోది మోగింది. యేసుపాదం గుమ్మం వదల్లేదు. అప్పుడు మలుపులో సోమక్క కనపడింది. టీ క్యాన్ చంకలో పెట్టుకుని వస్తోంది.

"ఏంది సారూ, పెండ్లికి పిలిచినట్టు ఒకటే పిలుచుడు. గ్లాసులన్నీ ఆడనే ఉన్నయి."

"గ్లాసులు కొనిస్తాలే. లోపలికి రా."

ఆమె వచ్చాక తలుపు వేసి, హుంగా వైపు తల ఊపాడు.

మూడో సైరన్ మోగింది. హుంగా తాళం తిప్పాడు. నేల కదిలింది. కిటికీ అద్దాల మీద దుమ్ము పడింది.

యేసుపాదం కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సోమక్క అతని మొహం చూసి, మిగిలిన టీ క్యాన్ మూతలో పోసి ఇచ్చింది.

"నా కోసమే ఆపిండ్రా సారూ?"

"నీ ఒక్కదాని కోసమే."

ఆమె కిటికీలోంచి కొండ వైపు చూసింది.

"మీది మలుపు కాడ పెద్దసారు జీపు నాకెదురొచ్చింది, పైకి పోతాంది," అంది. "అటు దిక్కు దిగనీకి ఇంకో తోవ ఉన్నదా?"