కోటి సాక్ష్యం

ఈసారి సాక్షిని చేజార్చుకోకూడదని ఉషారాణి ఒట్టు పెట్టుకుంది.

మార్కాపురంలో ఆమె నల్లకోటు వేసుకున్నదే పోలీసు దెబ్బలు తిన్నవాళ్ళ కోసం. వేసిన కేసుల్లో ఒక్కటీ నిలబడలేదు. వాయిదా ముందు ఎవరో సాక్షి ఇంటికి వెళ్ళి వచ్చేవారు. ఎవరో ఊరందరికీ తెలుసు, పేరు చెప్పేవాడే లేడు. మర్నాడు సాక్షి బోనెక్కి, "నన్నెవరూ కొట్టలేదు సార్, జారి పడినా" అనేవాడు. అంతే సంగతులు.

ఇక చేతిలో మిగిలింది కోటి కేసు. దోర్నాల పైన చెంచుగూడెంలో తేనె తీసి బతికే మనిషి. బోరు మోటారు దొంగవని ఎస్సై పట్టుకుపోయి, గదిలో పెట్టి, కన్ను మూయనివ్వకుండా అడిగిందే అడిగి, అరికాళ్ళు చితగ్గొట్టి, "నేనే తీసినా" అనిపించాడు. ఆ ఎస్సైని కోటి కోర్టులో చూపించకపోతే దొంగతనం అతని నెత్తినే ఉంటుంది. మళ్ళీ అదే స్టేషనుకు పోవాలి. పోతే ప్రాణాలతో తిరిగి రాడు.

అందుకే ఉషారాణి అతన్ని తెచ్చి ఆఫీసు వెనక గదిలో దాచింది. ఎవరూ జొరబడకుండా బయట తాళం వేసింది.

కోటి భార్య గంగులమ్మ బువ్వ మూటతో బస్సు దిగి వచ్చింది.

"ఒక్కసారి మొగం చూసి పోతా లాయరమ్మా."

"వాయిదా అయినాక చూద్దువుగాని. ఇప్పుడు చూస్తే ఇంటికి పోతానంటాడు."

"తలుపేస్తే ఊపిరాడదమ్మా ఆయనకి."

"నీ మొగుడు బతకాలనే గదా ఇదంతా!"

మూట అందుకుని ఆమెను బస్సెక్కించింది. బస్సు కనుమరుగయ్యేదాకా ఉషారాణి అక్కడే నిలబడింది. అయినా మెత్తబడలేదు.

ఇక సాక్ష్యం చెప్పే అభ్యాసం. ఎదుటి లాయరు ఎట్లా గద్దిస్తాడో అట్లాగే గద్దించింది. కోటి తడబడితే మళ్ళీ మొదటికి. కునికితే మొహం కడిగించింది.

"ఎవరు కొట్టినారు?"

"నిద్దరొస్తాంది అమ్మా..."

"నిలబడి చెప్పు. బోనులో నిలబడే చెప్పాల. సరిగ్గా చెప్పినాక పండుకుందువు."

ఆమెకూ నిద్ర లేదు. గొంతు బొంగురుపోయింది. ఈ ఒక్క మనిషినైనా కాపాడుకోలేకపోతే ఇన్నేళ్ళ బతుకూ దండగ అనిపించింది.

వాయిదా రోజు ఎస్సై తెల్లచొక్కా వేసుకుని, కోటికి ఎదురుగా నిలబడ్డాడు. ఉషారాణి లేచి బోను దగ్గరికి వచ్చింది. గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని అడిగింది.

"భయపడొద్దు కోటీ. నిన్ను గదిలో పెట్టి, నిద్రపోనియ్యకుండా, అడిగిందే అడిగి ఏడిపించినోళ్ళు ఈ హాల్లో ఉండారా? ఉంటే చూపించు."

కోటి తలెత్తకుండానే, వేలెత్తి ఉషారాణినే చూపించాడు.