బాల్ లేని సంచి

సంచి ఉంది. అందులో ఉండాల్సిన బాల్ లేదు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు స్టేషన్ మాస్టర్ వీరరాఘవులు.

"యాడనో జారిపడ్డది సార్," అన్నాడు పాయింట్స్‌మన్ పెంటయ్య. గొంతులో భయం లేదు. అసలేమీ లేదు.

బుద్వేల్ దాటాక వచ్చే చిన్న స్టేషన్ అది. 1991. ఇంకా మీటర్‌గేజి, ఒకటే లైను. వచ్చే బండీ పోయే బండీ దాని మీదే. ఎదురెదురుగా వస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఈ ఇనుప బాల్. పక్కపక్క స్టేషన్లలో చెరో యంత్రం ఉంటుంది. రెంటికీ కలిపి ఒకసారికి ఒక్క బాలే బయటికొస్తుంది. అది చేతికందితే తప్ప డ్రైవర్ బండి కదిలించడు. బండి అవతలి స్టేషన్ చేరాక బాల్‌ను అక్కడి యంత్రంలో వేయాలి. వేసేదాకా రెండూ బిగుసుకునే ఉంటాయి. మంత్రి వచ్చి బతిమాలినా ఇంకో బాల్ రాలదు.

ఆ పొద్దున ముందు స్టేషన్ నుంచి గూడ్స్ వచ్చింది. డ్రైవర్ బాల్ సంచి అందివ్వడం, పెంటయ్య దాన్ని భుజాన వేసుకోవడం వీరరాఘవులు కిటికీలోంచి చూశాడు. అక్కడి నుంచి ఆఫీసు గదికి ఐదు నిమిషాల నడక. దారిలో పెంటయ్య క్వార్టర్. మంచినీళ్లకని లోపలికి వెళ్లాడు. పావుగంట తర్వాత ఇదిగో, ఇలా తేలాడు.

ప్లాట్‌ఫాం మీద ప్యాసింజర్ బండి కిటకిటలాడుతూ నిలబడి ఉంది. గూడ్స్ వచ్చిన దారినే అది పోవాలి. యంత్రం కదలదు.

గ్యాంగ్ కూలీలు దారంతా గాలించారు. కంకర తిరగేశారు. ముళ్లపొదల్లో చేతులు పెట్టి గీరుకున్నారు. వెతకనిది పెంటయ్య ఒక్కడే. అతను ప్లాట్‌ఫాం చివర జామకాయల బుట్ట పక్కన నిలబడ్డాడు. ఆ బుట్ట అతని పక్కింటి చంద్రమ్మది. ఇందాక పెంటయ్య ఏదో చెబితే బుట్ట వదిలేసి పట్టాల వెంబడి గబగబా పోయింది. ఆమె కూడా వెతకడానికే పోయిందనుకున్నాడు వీరరాఘవులు.

ప్రయాణికులు కాయలకు చెయ్యి చాపితే పెంటయ్య కసురుతున్నాడు.

"నీకు జామకాయల కాపలా ముఖ్యమైపోయిందా?" అని అరిచాడు వీరరాఘవులు.

"బండి తోలుండ్రి సార్," అన్నాడొక ప్రయాణికుడు. "మలుపు దాంక లైన్ ఖాళీగనే కనవడుతున్నది గద. కోర్టుల నా పేరు పిలిచే టైమైతున్నది."

కళ్లకు కనబడ్డంత మాత్రాన బండిని పంపితే ఇక యంత్రం ఎందుకు? కాగితం మీద అనుమతి రాసి పంపే పద్ధతి ఒకటుంది. కానీ బాల్ పోయిందని పెంటయ్య వాంగ్మూలం కావాలన్నాడు ఫోన్‌లో కంట్రోలర్.

వీరరాఘవులు కాగితం రాసి తెచ్చాడు. "ఇక్కడ వేలిముద్ర వేయి."

"ఎయ్య సార్."

"వేయకపోతే బండి కదలదు."

"ఎరుకే సార్."

"ఉద్యోగం పోతుందయ్యా. క్వార్టర్ ఖాళీ చేయిస్తారు. మీ ఆవిణ్ణి తీసుకుని ఎక్కడికి పోతావు?"

పెంటయ్య మలుపు వైపు చూశాడు.

వీరరాఘవులుకు ఒళ్లు మండింది. జాలి కూడా వేసింది. మూడు నెలల కింద పెంటయ్య కూతురు జ్వరంతో పోయింది. ఏడేళ్ల పిల్ల. అప్పటి నుంచి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇంతే. పిలిస్తే పలకరు, పెడితే తినరు. ఈ మూడు నెలల్లో పెంటయ్య తప్పులు రెండు తనే కప్పిపుచ్చాడు. ఇది కప్పితే కప్పబడేది కాదు.

"తువ్వాలు విప్పు," అన్నాడు, బాల్ అందులో దాచాడేమోనని.

తువ్వాలు కొసన ముడి ఉంది. ముడిలో ఓ జత వెండి మట్టెలు.

"దుర్గవ్వవి కదూ? పెళ్లాం మట్టెలు కుదువ పెట్టి తాగుదామనా?"

ముందుకు వంగి వాసన చూశాడు. సారా వాసన రాలేదు. పొద్దెక్కాక చూసుకుందామనుకున్నాడేమో.

పెంటయ్య మట్టెలు తిరిగి ముడేసుకున్నాడు. బండి ఎక్కాల్సినవాళ్లూ దిగినవాళ్లూ చుట్టూ చేరి తలా ఒక మాట అన్నారు. కొందరు అమ్మనీ అక్కనీ కూడా కలిపారు. అతనికి వినబడినట్టే లేదు.

ముప్పావుగంట గడిచింది. చంద్రమ్మ వచ్చింది. చెమటతో రవిక తడిసిపోయింది. కాళ్లకు చెప్పుల్లేవు.

"పెంటన్నా," అంది వగరుస్తూ. "దుర్గవ్వ పొయ్యి ముట్టిచ్చింది. బువ్వకు రమ్మన్నది."

పెంటయ్య ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. గొంతుక్కూర్చున్నాడు. జామకాయల అడుగుకు చెయ్యి పెట్టి బాల్ బయటికి తీశాడు.

వీరరాఘవులు కొట్టడానికి చెయ్యెత్తి, ఎందుకో దించేసుకున్నాడు. బాల్ యంత్రంలో పడింది. గంట మోగింది. కొత్త బాల్ వచ్చింది. ప్యాసింజర్ యాభై రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలి, మలుపు తిరిగి, ఏ ఆటంకమూ లేకుండా పోయింది.

"బువ్వ గుర్తొస్తే గాని బాల్ గుర్తు రాలేదా?" అన్నాడు వీరరాఘవులు. "ఎందుకు దాచావు?"

"చెప్పుకునేది గాదు సార్."

మధ్యాహ్నంలోగా సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. పెంటయ్య దానికి మాత్రం వేలిముద్ర వేసి ఇంటికి వెళ్లాడు.

దుర్గవ్వ గోడకానుకుని కూర్చుని ఉంది. పొయ్యి పక్కన అన్నం వండి ఉంది. పెంటయ్య ఆమె ఎదుట కూర్చుని తువ్వాలు ముడి విప్పాడు.

పొద్దున గూడ్స్ పోగానే మట్టెలు తీసి బియ్యం కుండ మీద పెట్టి, మలుపు అవతల పట్టాల మీద ప్యాసింజర్ కోసం కూర్చున్న భార్య కాళ్లకు, వాటిని ఒక్కొక్కటే తొడిగాడు.